చిట్టెమ్మకి అందిన చప్పుడు

కూర్మన్నపాలెం,
12-6-1982

అన్నయ్యా,

నమస్కారాలు, క్షేమ సమాచారాలు అన్నీ రాసేసినట్టే అనుకో. ఇన్‌లాండు కాగితంలో చోటు తక్కువ, నా దగ్గర చెప్పాల్సింది ఎక్కువ.

చిట్టెమ్మని బళ్ళో చేర్చుకున్నారు. పట్నంలో చెవిటి పిల్లల బడి ఉందని తెలిసినప్పటినుంచి మీ బావగారూ నేనూ దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాం కదా, ఇన్నాళ్ళకి కనికరించారు. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి దాని చెవులు పోయినప్పటినుంచి నేను ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు లేదు. ఇప్పుడు దానికి ఆరో ఏడు. రోజూ రెండు బస్సులు మారి తీసుకెళ్ళాలి. మారతాను, నాకేం.

అక్కడ పద్మావతి టీచరని చిన్నావిడ ఉంది. మద్రాసులో చదువుకుని వచ్చింది. బొమ్మల అట్టలూ పుస్తకాలూ అన్నీ ఇంగ్లీషువే. వాళ్ళ దగ్గర తెలుగువి లేవట. ఆవిడ చెప్పేదేమిటంటే, చెవికి రాని చప్పుడు ఒంటికి వస్తుందట. అందుకని ముందు కొట్టడం, బాదడం, బరువైనవి కింద పడటం, ఇలాంటి చప్పుళ్ళ మాటలు నేర్పుతారట. పిల్ల చెయ్యి ఆ వస్తువు మీద పెట్టి, మన పెదాలు దానికి కనిపించేలా మాట అనాలి. బళ్ళో ఆవిడ చేస్తుంది, ఇంట్లో తల్లి చెయ్యాలి.

మొదటి విడతగా ఇచ్చిన మాటలు ఇవీ: నాక్, బ్యాంగ్, స్లామ్, థంప్, క్లాంగ్, థడ్. అన్నిటికీ అర్థం కొట్టడమేనట! ఇన్ని రకాలుగా కొట్టుకుంటారా ఆ దొరలు? నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు, ఎనిమిదో క్లాసు దాకా చదివాను, అదీ నీ పుస్తకాలు చూసి రాసిందే. నువ్వు ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నావు. దేనికి ఏది వాడాలో విడమరిచి రాయి. తప్పు నేర్పితే పిల్ల జన్మంతా తప్పే అంటుంది.

మీ బావగారి పని ఏమిటని అమ్మ పోయిన ఉత్తరంలో అడిగింది. స్టీలు ప్లాంటు కట్టే ముందు నేలలోకి పొడుగాటి స్తంభాలు దింపుతున్నారు. వించి అనే యంత్రంతో పెద్ద ఇనప దిమ్మని తాడు మీద పైకి లాగి, స్తంభం నెత్తిన వదలాలి. ఆ వించి నడిపేది ఈయనే. కాంట్రాక్టరు వేయించిన మా రేకుల షెడ్లు సైటుని ఆనుకునే ఉన్నాయి. దిమ్మ పడినప్పుడల్లా అలమర్లో గ్లాసులు కదులుతాయి. మాకు పాలు పోసే జోగమ్మది ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊరు. నిన్న పాలు పోస్తూ, "ఏటమ్మా, మీ ఆయన మా బూమికి మేకులు కొడతన్నాడేటి?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక పాలు పట్టుకున్నాను.

త్వరగా రాయి.

నీ చెల్లెలు,
కనకరత్నం

---

పిఠాపురం,
20-6-1982

అమ్మాయ్ రత్నం,

నువ్వు, దొరబాబు బావ, నా మేనకోడలు చల్లగా ఉండాలి. ఈ ముక్క అమ్మ రాయమంది. మిగతాదంతా నాది.

దొరలు ఇన్ని రకాలుగా కొట్టుకుంటారా అని అడిగావు. మనమేమైనా తక్కువ తిన్నామా? మనవాళ్ళు ధబ్బున పడతారు, దభీదభీమని బాదుతారు, గుండె గుభేలుమంటుంది, తలుపు ధడేలుమంటుంది, బిందె ఖంగుమంటుంది. అవీ అంతే. కాకపోతే మనం వాటిని ఎవరికీ నేర్పక్కర్లేదు, పడ్డప్పుడు వాటంతట అవే నోట్లోంచి వస్తాయి.

ఇక పాఠం విను. నాక్ అంటే వేలి కణుపులతో తలుపు మీద కొట్టేది. అది మర్యాద ఉన్న చప్పుడు. లోపలికి రావచ్చునా అని అడగడం. మా హెడ్మాస్టరు గది ముందు నాక్ చేసి రావలెనని బోర్డు పెట్టారు. మా ప్యూను సన్యాసిరాజు ముందు లోపలికి వచ్చి, ఆ తరవాత లోపలినుంచి నాక్ చేస్తాడు.

మర్యాద పోతే బ్యాంగ్. కోపంతో బల్ల మీద గుద్దితే బ్యాంగ్, టపాకాయ పేలితే బ్యాంగ్. స్లామ్ తలుపులకీ మూతలకీ. మీ వదిన అలిగినప్పుడు వంటింటి తలుపు వేస్తుందే, అది స్లామ్. ఈ ముక్క బావకి చదివి వినిపించకు. థంప్ పిడికిలిది. మెత్తని దాని మీద బరువుగా పడాలి, దిండు మీదో వీపు మీదో. గుండె కొట్టుకోవడాన్ని కూడా థంప్ అంటారు. క్లాంగ్ ఇనుము మీద ఇనుము, మా బడి గంట.

ఆఖరిది థడ్. బియ్యం బస్తా నేల మీద దించితే వచ్చే చప్పుడు. కొబ్బరికాయ చెట్టు మీంచి ఇసకలో పడినా అదే. దానికి మోత ఉండదు, సాగడం ఉండదు. పడింది, అయిపోయింది. చప్పుడు తక్కువ, బరువు ఎక్కువ. మా క్లాసు పిల్లలు బ్యాంగ్ రాయవలసిన చోట థడ్ రాస్తారు. వాళ్ళకి చెవులున్నా అంతే.

థంప్ నేర్పేటప్పుడు పిల్ల వీపు మీద మాత్రం నేర్పకు. నీ చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు.

అన్నయ్య,
శ్రీరామ్మూర్తి

---

కూర్మన్నపాలెం,
3-8-1982

అన్నయ్యా,

మీ బావగారు గాజువాక వెళుతూ గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నారు, అందుకని నాలుగు ముక్కలే.

చిట్టెమ్మ మాట అంది! నిన్న సాయంత్రం దిమ్మ పడగానే నా వైపు తిరిగి థడ్ అంది. ముద్దగా, నాలుక కరుచుకుని అంది కానీ అది థడ్డే. ఇంకోసారి పడితే ఇంకోసారి అంది. దిమ్మ పడటం, ఇది అనడం. షెడ్డులో అందర్నీ పిలిచి చూపించాను. జోగమ్మ దానికి దిష్టి తీసింది. నీ పాఠం ఊరికే పోలేదు.

ఆయన వెళ్ళిపోతున్నారు. ఉంటాను.

కనకరత్నం

---

పిఠాపురం,
11-8-1982

చెల్లీ,

నీ ఉత్తరం స్టాఫు రూములో విప్పాను. చదివి లేచి నిలబడ్డాను. ఏమైందండీ అని పక్కనున్నవాళ్ళు కంగారు పడ్డారు. నా మేనకోడలికి వినపడిందండీ అని చెప్పాను. అందరికీ టీ పోయించాను.

నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను, జ్వరంతో పోయింది వయసొస్తే తిరిగి వస్తుందని. దిమ్మ చప్పుడు వినపడిందంటే రేపు మాట వినపడుతుంది. అమ్మకి చెప్పాను. ఆవిడ ఏడ్చి, నవ్వి, అన్నవరం మొక్కు ఉందని మొదలెట్టింది. మా హెడ్మాస్టరుతో కూడా మాట్లాడాను. వచ్చే ఏడు చిట్టెమ్మని మా బళ్ళో ఒకటో తరగతిలో కూర్చోబెట్టవచ్చు అన్నారు. ఇక ఆ చెవిటి బడి ఎందుకు?

ఒక్క సంగతి. లేత చెవులు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటుంటే ఆ దిమ్మ పక్కన కాపురం ఏమిటి? ఉన్నదీ పోతుంది. అక్కణ్ణించి మారమని బావకి చెప్పు. నా మాటగా చెప్పు.

శ్రీరామ్మూర్తి

---

కూర్మన్నపాలెం,
9-9-1982

అన్నయ్యా,

నెల్లాళ్ళు జవాబు రాయలేదని కోపం వచ్చి ఉంటుంది. ఎలా రాయాలో తెలియలేదు.

నీ ఉత్తరం మీ బావగారు పైకి చదివారు. చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం చిట్టెమ్మ అటు తిరిగి కూర్చుని ఉంటే, వెనకనుంచి ఇత్తడి కంచం మీద గరిటెతో కొట్టారు. పిల్ల తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టారు. పక్క షెడ్ల వాళ్ళు తొంగి చూశారు. పిల్ల మాత్రం తిరగలేదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "మీ అన్నయ్య అంత ఖాయంగా రాస్తే, ఏమో, నిజమేనేమో అనుకున్నానే" అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

దానికి వినపడదు అన్నయ్యా. నేను తొందరలో సగం రాశాను, తప్పు నాదే. చిట్టెమ్మ మా గచ్చు మీద బోర్లా పడుకుని ఉంటుంది. దిమ్మ పడితే నేల అదురుతుంది కదా, అది దాని కడుపుకి తెలుస్తుంది. తెలిసిందానికి థడ్ అని పేరు పెట్టుకుంది, అంతే. తలుపు మీద నాక్ చేసినా, గిన్నెలు పారేసినా దానికి ఏమీ లేదు. పద్మావతి టీచరు మాత్రం, అంతే అనకండి, అదే చాలా గొప్ప అంది.

ఇంకొకటి కూడా కనిపెట్టింది నీ మేనకోడలు. ఆ దిమ్మ వాళ్ళ నాన్న వేస్తున్నాడని. మా వైపు ఉన్న వించి ఒక్కటే, దాని మీద కూర్చునేది ఈయనొక్కరే. నేల అదురుతున్నంతసేపూ నాన్న ఉన్నాడని ఆడుకుంటుంది. అది చూసినప్పటినుంచి ఈయన ఒక అలవాటు చేశారు. డ్యూటీ దిగే ముందు దిమ్మని మెల్లగా కిందికి దించాలి. ఈయన కాసేపు ఆగి, ఒక్కసారి పైకెత్తి వట్టి నేల మీద వదిలేస్తారు. అది చిట్టెమ్మకి. అది పడగానే పిల్ల పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెడుతుంది, నాన్న కాళ్ళు కడుక్కోవడానికి. ఆ చెంబు సగం దాని గౌను మీదే ఒలుకుతుంది.

అమ్మకి నిజం చెప్పు. మొక్కు చెల్లించనివ్వకు. ఇంకో మాట, ఈయనకి స్టోర్సులో కుర్చీ పని ఇస్తామంటున్నారు. ఈయన తేల్చడం లేదు.

కనకరత్నం

---

పిఠాపురం,
18-9-1982

రత్నం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మడిచి లోపల పెట్టేశాను.

అమ్మ అప్పటికే పక్కింటి వాళ్ళతో అన్నవరం వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చేసింది. గుండు తడుముకుంటూ, "చిట్టెమ్మ అమ్మమ్మా అందిట్రా? ఉత్తరంలో ఏం రాసింది?" అని అడుగుతోంది. ఇంకా లేదమ్మా, నెమ్మదిగా అంటుందిలే అన్నాను. ఏం చెప్పమంటావు?

స్టోర్సు పని వస్తే బావ ఆలోచించడమేమిటి? ఎండా వానా తప్పుతాయి. తెగే తాడు, పడే దిమ్మ ఉండవు. వించి మీద కూర్చుంటే దర్జా, గుమాస్తాగిరీ అయితే నామర్దా అనుకుంటున్నాడేమో. పెళ్ళాం బిడ్డలున్నవాడికి పంతం పనికిరాదని నా మాటగా చెప్పు.

శ్రీరామ్మూర్తి

---

కూర్మన్నపాలెం,
14-10-1983

అన్నయ్యా,

ఏడాదిగా మన ఉత్తరాలు చిక్కిపోయాయి. క్షేమం, క్షేమమని తలుస్తాను, అంతటితో సరి. కారణం నీకూ తెలుసు. పంతమని నువ్వు రాసిన మాట ఆయన మనసులో పెట్టుకున్నారు. నీకు జవాబు చెప్పడం ఆయనకి ఇష్టం లేదు, ఆయన మీద చాడీలు చెబుతున్నట్టు రాయడం నాకు ఇష్టం లేదు. ఇవాళ ఆయన సైటులో ఉన్నారు, నేను చెప్పేస్తాను.

స్టోర్సు పని వద్దన్న రోజు నేను కూడా పోట్లాడాను. నువ్వన్న మాటలే అన్నాను, ఇంకో నాలుగు కలిపి అన్నాను. ఆయన అంతా విని, "నేను స్టోర్సులో కాగితాలు రాసుకుంటుంటే, నేనున్నానని దానికెలా తెలుస్తుందే?" అన్నారు. మళ్ళీ నేను ఆ ఊసెత్తలేదు. దర్జా కాదు అన్నయ్యా, పంతమూ కాదు. పిల్లకి అందే చప్పుడు ఒక్కటే ఉంది, అది తనది. అది వదులుకోలేకపోయారు.

ఇప్పుడు చిట్టెమ్మ దగ్గర చాలా మాటలున్నాయి. నువ్వు రాసిన పాఠం పద్మావతి టీచరుకి చూపిస్తే, మీ అన్నయ్యని మా బడికి పంపండి అని నవ్వింది. దీనికి కోపమొస్తే బ్యాంగ్ అని నేలని తంతుంది. జోగమ్మ తలుపు తోసుకుని వస్తే, వేలు చూపించి నాక్ అని దబాయిస్తుంది. "ఏటే, నా కూతురింటికి నాను తలుపు కొట్టి రావాలేటి?" అని జోగమ్మ బయటికి వెళ్ళి, కణుపులతో కొట్టి మళ్ళీ వస్తుంది. మీ సన్యాసిరాజు కంటే నయం.

రాత్రి వాళ్ళ నాన్న పడుకుంటే గుండె మీద అరచెయ్యి వేసి థంప్, థంప్ అంటుంది. "చూడవే, నాకు రోజూ హాజరు వేస్తోంది" అంటారు ఆయన. ఆ తరవాత నా దగ్గరికి వచ్చి నాకూ వేస్తుంది. అప్పుడుగానీ నిద్రపోదు. దాని పలుకు నీకైతే అర్థం కాకపోవచ్చు. మాకు అర్థమవుతుంది.

నువ్వు ఆయనకి ఒక్క ఉత్తరం రాయి. మనసులో పెట్టుకున్నా, నువ్వంటే ఆయనకి ఇష్టమే.

కనకరత్నం

---

పిఠాపురం,
6-11-1983

దొరబాబు బావకి,

ఇంటికి రాస్తే మా చెల్లెలు మధ్యలో విప్పి తప్పులు దిద్దుతుందని సైటు ఆఫీసు చిరునామాకి రాస్తున్నాను.

నీది పంతమని రాశాను. రత్నం అసలు సంగతి చెప్పాక ఈ మూడు వారాలూ కలం పట్టుకోవడం, పెట్టేయడం. నాకూ ముగ్గురు పిల్లలున్నారు, ముగ్గురికీ నా గొంతు వినపడుతుంది, ముగ్గురూ వినిపించుకోరు. నువ్వు ఒక్క దిమ్మతో నీ కూతురికి ఎదురు రమ్మని చెబుతున్నావు. స్టోర్సు మాట ఇక నా నోట రాదు బావా. నీ వించి మీదే నువ్వుండు.

కార్తీకంలో ముగ్గురూ రండి. అమ్మ గుండుకి మళ్ళీ జుట్టు వచ్చింది, చిట్టెమ్మని చూడాలంటోంది. మా ఊళ్ళో దిమ్మ లేదు. నువ్వు బస్సు దిగి సందు మొదట్లోకి వచ్చేసరికి నేను మా వీధి అరుగు మీంచి బియ్యం బస్తా కింద పడేస్తాను. నా మేనకోడలు నాకూ ఒక థడ్ ఇస్తుందేమో చూద్దాం.

మీ బావ,
శ్రీరామ్మూర్తి

---

కూర్మన్నపాలెం,
27-11-1983

అన్నయ్యా,

నువ్వు బస్సెక్కిన మర్నాడు ఆఫీసువాళ్ళు ఆయన వస్తువులు పంపారు. టిఫిను డబ్బా, తువ్వాలు, చెప్పులు. వాటితో పాటు నీ ఉత్తరం కూడా. అంటించింది అంటించినట్టే ఉంది. కర్మ అయ్యేదాకా నా పక్కనే ఉన్నావు, ఆయనకి రాశానని ఒక్కసారి కూడా అనలేదు. నీకు నోరు రాలేదని ఇప్పుడు తెలిసింది. ఆయన పటం ముందు కూర్చుని పైకి చదివాను. ఆయన ఉంటే ఆ బియ్యం బస్తా దగ్గర తప్పకుండా నవ్వేవారు.

ఆ పొద్దున్న తాడు తెగినప్పుడు చిట్టెమ్మ బళ్ళో ఉంది. నువ్వు వచ్చాక పసిపిల్ల చూడకూడదన్నావు, పెద్దవాళ్ళందరూ అదే అన్నారు. దాన్ని జోగమ్మ ఇంట్లో ఉంచాం. అన్నీ అయ్యాక తెచ్చాం. అప్పుడు నాకూ అదే మంచిదనిపించింది. కానీ చెవులున్న పిల్ల అయితే నలుగురి ఏడుపూ విని తెలుసుకునేది. దీనికి ఎవరూ చెప్పలేదు, చూపించనూ లేదు. దాని లెక్కన నేల అదరడం మానేసింది, నాన్న రావడం మానేశాడు, రెండూ ఒకటే.

గురువారం వించి మళ్ళీ మొదలైంది.

చిట్టెమ్మ అన్నం తింటోంది. గచ్చు అదిరింది. చేతిలో ముద్ద వదిలేసి లేచింది. ఎంగిలి చేతులతో నా మొహం పట్టుకుని, థడ్, నాన్న, అంది. నవ్వింది అన్నయ్యా. ఇన్నాళ్ళ తరవాత అది నవ్వితే నేను చూడలేకపోయాను.

సాయంత్రం పని ఆగింది. కాసేపటికి ఆ ఆఖరిది కూడా పడింది. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని నేను అనుకునేలోపే పిల్ల చెంబు నింపుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. దీపాలు పెట్టే వేళ దాకా నిలబడింది. నేను ఎత్తుకుని లోపలికి తెస్తే నా భుజం కొరికింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఆయన కింద పని చేసిన అప్పలసూరిని ఇప్పుడు వించి మీద కూర్చోబెట్టారట. నిన్న వాడే ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కూర్చుని తల దించుకుని, "వదినా, పని దిగినప్పుడు అన్న ఒకటి ఏసీవోడు కదా, నానూ అన్న పేరు మీద ఒకటి ఏస్తన్నాను. ఏయకపోతే నాకు సెయ్యి ఆడతలేదు" అన్నాడు. ఆ చెంబు వాడి పక్కనే ఉంది, నిండుగా. అదేమిటో వాడికి తెలియదు. నేను చెప్పలేకపోయాను.

చిట్టెమ్మకి ఎలా చెప్పను అన్నయ్యా? ఏ మాట కావాలన్నా నిన్నే అడిగాను. ఇది కూడా చెప్పు.

కనకరత్నం

---

పిఠాపురం,
5-12-1983

అమ్మా రత్నం,

నాలుగు కాగితాలు రాసి చింపేశాను. పిల్లకి చెప్పే మాట నా దగ్గర లేదు. పుస్తకాల్లో ఉన్న మాటలన్నీ పెద్దవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవే. పద్మావతి టీచరుని అడుగు, ఆవిడకి తెలిసి ఉంటుంది.

అప్పలసూరిని మాత్రం ఆపమని చెప్పు. పాపం, మంచి మనసుతోనే చేస్తున్నాడు, కానీ పసిదాని ప్రాణం రోజూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది. నువ్వు చెప్పలేకపోతే నేను వచ్చి చెబుతాను.

అసలు ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి. పెరటి వైపు గది ఖాళీ చేయించాను. అమ్మకి అంతా చెప్పేశాను, చెవుల సంగతి కూడా. ఆవిడ లేచి వెళ్ళి ఆ గది అలికి ముగ్గు పెట్టింది. ఇక్కడ దిమ్మలు లేవు, నేల అదరదు. కొన్నాళ్ళకి మరిచిపోతుంది.

నీ అన్నయ్య

---

కూర్మన్నపాలెం,
10-1-1984

అన్నయ్యా,

నేల అదరని ఊళ్ళో దానికేముంది? మరిచిపోతుందన్నావు. నాకు భయం అదే. నాన్న ఏమయ్యాడో తెలియకుండా మరిచిపోతే, ఏదో ఒకనాడు తనని వదిలేసి వెళ్ళిపోయాడనుకుంటుంది. అలా అనుకోనివ్వను. ముందు దానికి చెప్పాలి, ఆ తరవాతే ఎక్కడికైనా.

పద్మావతి టీచరుని అడిగాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "దానికి వచ్చిన మాటల్తోనే చెప్పాలమ్మా, కొత్త మాటతో చెబితే అర్థం కాదు" అంది. దానికి వచ్చిన మాటలన్నీ కొట్టుకునేవీ పడేవీ కదా. ఇంటికి వచ్చి వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ అదే ఆలోచించాను.

మొన్న ఆదివారం అప్పలసూరిని బతిమాలి మమ్మల్ని సైటు లోపలికి తీసుకెళ్ళమన్నాను. ఆ రోజు పని లేదు, అయినా మేస్త్రీని ఒప్పించి వాడు మా కోసం ఒక్కసారి వించి తిప్పాడు. చిట్టెమ్మ చెయ్యి నేల మీద పెట్టించాను. దిమ్మ పైకి వెళ్ళడం చూసింది, పడటం చూసింది. థడ్ అంది. లేచి వించి వైపు చూసింది. అక్కడ కూర్చున్నది అప్పలసూరి. పిల్ల వించి వెనక్కి వెళ్ళి వెతికింది, రేకుల చాటున చూసింది, గొనెపట్టా ఎత్తి చూసింది. మళ్ళీ వచ్చి వాడి ముందు నిలబడింది. వాడు పెద్దగా ఏడ్చేశాడు. "నాను మీ నాన్నని కాదమ్మా, నాను కాదు" అంటాడు, దానికి వినపడుతుందా?

అక్కడే దాని అరచెయ్యి అప్పలసూరి గుండె మీద పెట్టాను. థంప్ అంది. నా గుండె మీద పెట్టాను. థంప్ అంది. దాని గుండె మీద దాని చెయ్యే పెట్టాను. అదీ అంది. ఇంటికి వచ్చాక గోడ మీది ఆయన పటం దించి ఒళ్ళో పెట్టుకున్నాను. దాని చెయ్యి తీసుకుని ఆయన చొక్కా గుండీల దగ్గర పెట్టాను.

అది చూస్తూ కూర్చుంది. చెయ్యి కొంచెం పక్కకి జరిపింది, గట్టిగా నొక్కింది. పటం మీద చెంప ఆనించి పడుకుంది. తలెత్తి నా వైపు చూసినప్పుడు, నేను తల అడ్డంగా ఊపాను. థంప్ లేదు, నాన్న లేడు. నాకు ఇంతకంటే చెప్పడం రాలేదు. అది ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు నువ్వు వినలేదు, అంతే మేలు. దానికి తన ఏడుపు కూడా వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడుస్తోందో దానికి తెలియదు. జోగమ్మ వచ్చి గుమ్మం బయట నిలబడి, కణుపులతో తలుపు మీద కొట్టి, అప్పుడు లోపలికి వచ్చింది. ముగ్గురం ఒకే చాప మీద పడుకున్నాం.

అప్పలసూరికి చెంబు సంగతి చెప్పాను. "ఆపీమంటావేటి వదినా?" అన్నాడు. ఆపొద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడికి చెప్పలేదు, నీకు చెబుతాను.

నిన్న సాయంత్రం పని ఆగింది. కాసేపటికి ఆఖరిది పడింది. చిట్టెమ్మ గచ్చు మీద బోర్లా పడుకుని పలక మీద గీతలు గీసుకుంటోంది. దానికి తెలిసింది, బలపం ఆగింది. కానీ లేవలేదు. మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టింది.

చెంబుతో నీళ్ళు నేనే తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టాను.

నీ చెల్లెలు,
కనకరత్నం